నల్లరాతి గెడ్డకు మాను దర్జా

సోమవారం

రోజూ చిట్టా రాయాలని మా ఆఫీసులో కొత్త రూలు వచ్చింది. ఎవరు చదువుతారని అడిగాను. మనుషులెవరూ చదవరట, పక్షపాతం వాసన ఏమైనా తగులుతుందేమోనని యంత్రం పైపైన చూసుకుంటుందట. చూసుకోనీ. నా పేరు నూకరత్నం. సర్వకోశంలో వ్యాసాలు దిద్దుతాను. నా విభాగం ఊళ్ళో బతికే జంతువులు, చెట్లు, నీళ్ళు. పొద్దున్నే నిమ్మళం బిళ్ళ వేసుకున్నాను. అది వేసుకోకపోతే డెస్కు తెరుచుకోదు.

ముందుగా కాకుల వ్యాసం దిద్దాను. "కాకి చాలా తెలివైన పక్షి" అని ఎవరో రాశారు. ఎవరన్నారో, ఎక్కడన్నారో లేదు. కొట్టేశాను. "మా మేడ మీద కాకి నన్ను రోజూ పలకరిస్తుంది" అని ఇంకొకరు. పలకరిస్తే సంతోషం, అదీ కొట్టేశాను. కళ్ళతో చూసింది మా దగ్గర చెల్లదు. ఎక్కడైనా అచ్చయి ఉండాలి, అదీ రెండు చోట్ల. వ్యాసానికి మొక్క దర్జా ఇచ్చి పంపాను.

మొలక, మొక్క, మాను, ఇవీ మేమిచ్చే దర్జాలు. ఒకప్పుడు వీటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. పెద్ద వరద తర్వాత ఊరిని పెద్దాయన చేతిలో పెట్టారు. పెద్దాయనంటే మనిషి కాదు, ఊరిని నడిపే యంత్రానికి జనం పెట్టుకున్న పేరు. ఆయన సర్వకోశంలో చదివిందే నమ్ముతాడు. మాను దర్జా ఉన్న చోటుని ముట్టుకోడు. మొక్క అయితే చూసీ చూడనట్టు పోతాడు. మొలక అయితే అక్కడ ఏమీ లేనట్టే లెక్క, బండ్లు వచ్చి కడిగేసి సిమెంటు పోసేస్తాయి. పోయిన నెల పాత మార్కెట్టు పునుగుపిల్లుల వ్యాసానికి రెండో ఆధారం దొరక్క మొలకకి దించాను. ఇప్పుడక్కడ నున్నటి చప్టా ఉంది. నాకేమీ అనిపించలేదు. బిళ్ళ మంచిదే, నేనేం వంక పెట్టను.

మధ్యాహ్నం కొత్త వ్యాసం వచ్చింది. నల్లరాతి గెడ్డ. కొండ మీంచి దిగి, రైలు పట్టాల కింద నుంచి పోయి, సముద్రంలో కలిసే వాగు. దర్జా మొలక. వానలు వెనకపట్టగానే పూడ్చడానికి తేదీ కూడా పడింది. ఆ గెడ్డ ఒడ్డునే మా అప్ప పైడితల్లి ఉంటుంది. మా వైపు అక్కని అప్ప అంటాం. వ్యాసం మాను కాకపోతే మా అప్పకి ఇల్లుండదు. బిళ్ళ వేసుకున్నవాళ్ళకి చుట్టరికం అడ్డు రాదని రూల్లోనే ఉంది, కాబట్టి ఇక్కడ రాయడానికి నాకు భయం లేదు. భయం లేకపోవడం కూడా బిళ్ళ చలవే అనుకోండి.

ఆదివారం

ఆదివారం బిళ్ళ ఇవ్వరు. నిద్ర లేవగానే మోకాళ్ళ నొప్పి, ఆకలి, పునుగుపిల్లులు, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అందుకే ఆదివారమంటే నాకు ఒళ్ళు మంట. అయినా లేచి గెడ్డకి వెళ్ళాను.

అప్ప గుమ్మం ముందు కూర్చుని కత్తిపీట మీద చేపలు కోస్తోంది. నన్ను చూసి పీట జరిపింది.

"ఏటే రత్నం, మొకం అలగెట్టేవు? ఆ బిల్లలు మింగి మింగి ఎండుసేపలాగ అయిపోనావు."

గెడ్డ పూడ్చేస్తారని చెప్పాను. కత్తిపీట మీద చెయ్యి ఆగలేదు.

"పూడ్సీడానికిదేటి గొయ్యా? గెడ్డ. నీలు ఎల్లొద్దేటి?"

"నీళ్ళు వెళ్తున్నాయని పెద్దాయనకి తెలీదప్పా. ఎక్కడా రాసి లేదు."

"మరి నువ్వు రాయి. సదువుకున్నావు కదా."

"నేను చూసింది నేను రాయకూడదు."

"ఓసి నీ సదువు తగలెయ్య," అంది. తిట్టులా లేదు, జాలిపడినట్టుగానే ఉంది. "ఆ నీటికుక్కల మాట రాయవే. నా వల కొరికీసి, సేపలు తినీసి, ఒడ్డెక్కి నన్నే సూసి ఈలలేత్తాయి. దొంగముండలు. ఊరికుపకారం సేసినోలకి పేరు రాదు, ఈటికైనా రానీ."

అవతలి రాళ్ళ దగ్గర రెండు తలలు నీళ్ళలోంచి లేచి మళ్ళీ మునిగాయి. చూశాను. చూసి ఏం లాభం.

పూడ్చేస్తే ఏం చేస్తావని అడిగాను. నా గదికి రమ్మన్నాను. నా గది ఎలాంటిదో తనకి తెలుసు, తలుపు తీస్తే మంచం తగులుతుంది. చేపల నీళ్ళు పారబోసి వచ్చి మళ్ళీ పీట మీద కూర్చుంది. వరదలో బావ పోయాక, ఇరుగూపొరుగూ తలో రేకు తెచ్చి ఈ ఇల్లు నిలబెట్టారు. "ఇక్కడ్నించి కదిపితే నేను బతకనే," అంది. బెదిరింపుగా అనలేదు. రేపు వాన పడుతుంది అన్నట్టు అంది. తిరిగొచ్చే దారంతా ఆ మాటే వినపడింది.

బుధవారం

ఆధారాలు వెతికాను. బిళ్ళ వేసుకుంటే వెతకడం బాగా సాగుతుంది.

మత్స్యకారుల సంఘం పాత పత్రికలో ఒక ఫిర్యాదు దొరికింది, గెడ్డ సముద్రంలో కలిసే మొగలో నీటికుక్కలు వలలు చింపుతున్నాయని. ఒక కాలేజీ పిల్లలు వేసిన పక్షుల, జంతువుల పుస్తకంలో నల్లరాతి గెడ్డ పేరుతో సహా లకుముకి పిట్ట, నీటికాకి, నీటికుక్క అన్నీ ఉన్నాయి. ఒడ్డు మొక్కల మీద రెండు నివేదికలు దొరికాయి. అన్నీ పొందిగ్గా కూర్చి, నీటికుక్కకి ఏకంగా నాలుగు పేరాలు పెట్టి, రెండో సంతకానికి సలోమికి ఇచ్చాను. సలోమి నా పక్క డెస్కు. ప్రతి వ్యాసానికీ ఇద్దరు సంతకం పెట్టాలి, మేమిద్దరం జోడీ.

సలోమి చివరిదాకా చదివి ఒక్క చోట వేలు పెట్టింది. "ఒడ్డున కొన్ని కుటుంబాలు చేపలు పట్టుకుని బతుకుతున్నాయి. దీనికి ఆధారమేది?"

"మా అప్ప."

"మీ అప్ప ఎక్కడ అచ్చయింది?"

"ఎక్కడా అవలేదు."

"అయితే తీసెయ్ మరి. మిగతాదంతా ముత్యంలా ఉంది, ఈ ఒక్క ముక్క కోసం మాను ఆగిపోవాలా?"

ఆమె అన్నది సబబే. ఇంకొకరి వ్యాసంలో ఆ వాక్యం ఉంటే నేనైతే అడక్కుండానే కొట్టేసేదాన్ని. నా చేత్తోనే తీసేశాను. కింద ఉన్న లకుముకి పిట్ట పేరా పైకి జరిగింది. ఇద్దరం సంతకాలు పెట్టాం. నల్లరాతి గెడ్డకు మాను దర్జా వచ్చింది.

శుక్రవారం

పూడ్చే తేదీ రద్దయింది. అప్ప ఫోను చేసింది. వెనక ఎవరో డప్పు వాయిస్తున్నారు. "మా సెల్లెలు ఒక్క రాతతో ఆపీసిందని అందరికీ సెప్పినాను. నీకోసం నెత్తల్ల సేపలు ఎండెట్టినాను, బేగి రా," అంది. సరే వస్తానన్నాను. సంతోషపడాల్సిన సంగతేనని అర్థమైంది.

మంగళవారం

ఇవాళ డెస్కు మీదికి ఒక ప్రకటన వచ్చింది. మాను దర్జా పొందిన నల్లరాతి గెడ్డని ఇకనుంచి నీటికుక్కల ఆవాసంగా కాపాడతారు. వ్యాసంలో పేర్కొనని జీవులను అక్కడినుంచి తొలగిస్తారు. పందులు, వీధికుక్కలు, మనుషులు. గడువు వారాంతం.

సలోమి నా భుజం మీదుగా చదివి, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందే," అంది. కాసేపు అక్కడే నిలబడింది. ఆమె కూడా బిళ్ళ మీదే ఉంది, ఇంతకన్నా ఆమె చేయగలిగింది లేదు.

దర్జా తగ్గిస్తే గెడ్డ పూడుస్తారు. ఉంచితే మనుషుల్ని ఊడుస్తారు. ఎటు తిప్పినా అప్ప ఇల్లు పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కాబోలు అనుకున్నాను. అనుకుని టీ తాగాను.

అప్ప ఫోను చేసింది. బండొచ్చి గుమ్మాల మీద సున్నం గీతలు గీసి పోయిందట. "నీ యాసంలో మేం నేమా?" అని అడిగింది.

లేరని చెప్పాను. ఉండేవారని, నేనే తీసేశానని కూడా చెప్పాను. ఎందుకంటే ఆధారం లేదని చెప్పాను.

"ఇక్కడే ఉన్నాం కదే. కల్లెదురుగా," అంది.

ఫోను పెట్టేశాను.

సాయంత్రం డెస్కు మూసే ముందు సలోమి ఒక మాటంది. "వ్యాసంలో లేరు కనకే కదా తీసేస్తున్నాడు. వ్యాసంలో పెట్టు."

"ఏ శీర్షిక కింద పెట్టను? జనజీవనం అని పెడదామంటే ఒక్క కాగితం లేదు. వరదకి రేషన్ కార్డులే కొట్టుకుపోయాయి."

"జీవజాతులు అని ఉంది కదా."

నవ్వుతుందేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు.

గురువారం

ఆధారాలు దొరికాయి. మొదటిది మలేరియా విభాగం వాళ్ళ దోమల సర్వే. నల్లరాతి గెడ్డ దోమల ముఖ్య ఆహారం ఒడ్డున స్థిరంగా ఉండే మనిషి రక్తం అని అందులో అచ్చయి ఉంది. ఒడ్డు మీదివాళ్ళకి రేషన్ కార్డు లేదు, ఓటు లేదు, కరెంటు మీటరు లేదు. దోమలు మాత్రం లెక్కలోకి తీసుకున్నాయి. రెండోది నీటికుక్కల కోసం పెద్దాయనే పెట్టించిన కెమెరాల నివేదిక. "ఇదే చోట చేపలు పట్టే మరొక పాలిచ్చే జంతువు, గుంపులుగా, రెండు కాళ్ళ మీద" అని ఉంది. రెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కావు. రూలు ప్రకారం సరిపోతుంది.

జంతువుల పట్టీలో అన్ని గళ్ళూ నింపితే గాని వ్యాసం ముందుకి కదలదు. కూర్చుని నింపాను.

ఆవాసం: గెడ్డకి రెండు ఒడ్లూ. గూడు: రేకులు, తాటాకు, పాత బ్యానర్లతో కట్టుకుంటుంది. ఆహారం: చేపలు, అన్నం. జీవనం: గుంపుగా ఉంటుంది, పిల్లల్ని అన్నీ కలిసి సాకుతాయి. ఆడది ముందు లేస్తుంది అని కూడా రాశాను గానీ దానికి ఆధారం లేక తీసేశాను. కూత అనే గడి దగ్గర చెయ్యి ఆగింది. రకరకాలు అని రాస్తే సలోమి ఒప్పుకోలేదు, ఏ జంతువుకైనా అదే రాయొచ్చు కదా అంది. చివరికి "దూరానికి వినపడే పిలుపులు, ఎక్కువగా పొద్దు వాలే వేళ" అని రాశాను. కెమెరాల నివేదికలో ఆ సంగతి ఉంది. మా అప్ప పొరుగువాళ్ళని అన్నాలకి పిలిచే పిలుపు అది.

ఊరివారితో సంబంధం అని ఆఖరి గడి. అప్పుడప్పుడు అని రాశాను.

ఇద్దరం సంతకాలు పెట్టాం. టీ చల్లారేలోపు పెద్దాయన ఒప్పుకున్నాడు. తొలగించే జాబితాలో పందులు, వీధికుక్కలు మిగిలాయి. మనుషులు పోయారు, అంటే ఉండిపోయారు.

అప్పకి ఫోను చేసి చెప్పాను. అటువైపు ఏడుపు వినపడింది. "నువ్వు సెల్లెలివి కాదే, మాయమ్మవి," అంది.

ఆదివారం

నెత్తళ్ళు తెచ్చుకుందామని, అప్పకి సన్నబియ్యం ఇద్దామని వెళ్ళాను. రైలు పట్టాలు దాటగానే కంచె కనిపించింది. ఆకుపచ్చ రంగు వేసిన మంచి కంచె. బోర్డు మీద నీటికుక్క బొమ్మ, కొంగ బొమ్మ, పక్కన మనిషి బొమ్మ. ఈ జీవులకు ఆహారం పెట్టరాదు. దగ్గరకు వెళ్ళరాదు. పెద్దగా శబ్దం చేయరాదు.

అప్ప కంచె అవతల నిలబడి ఉంది. నాకోసమే కాచుకుని ఉన్నట్టుంది. కాలి చీలమండకి సన్నటి కడియం ఉంది, పక్షుల కాళ్ళకి వేస్తారే, అలాంటిది.

"ఇదేటి రత్నం," అంది. "మొన్న గంప ఎత్తుకుని బజారుకెల్లినాను. నాలుగు రోడ్ల కాడ బండొచ్చి నన్నెత్తి, తెచ్చి ఇక్కడెట్టీసింది. నొప్పెట్టనేదు. ఉయ్యాల్లో పిల్లని ఎత్తినట్టు ఎత్తిందే. సేపలు రోడ్డు మీదే ఉండిపోయాయి."

ఆవాసం దాటిన జీవిని గాయపరచకుండా తిరిగి చేర్చాలని మాను చోట్ల నియమం. ఎన్నో వ్యాసాల కింద చదివాను. చదివినప్పుడు మంచి నియమమే అనుకున్నాను.

బియ్యం సంచి కంచె మీదుగా అందించబోయాను. పక్కనున్న స్తంభం మెత్తటి గొంతుతో, "దయచేసి ఆహారం పెట్టకండి. వాటికి అలవాటైపోతుంది," అంది. సంచి దించాను.

"ఏటని రాసేవే మాకోసం?" అని అడిగింది అప్ప. "సదువు."

ఫోన్లో తీసి చదివాను. గూడు, ఆహారం, కూత, అన్నీ. ఎక్కడా ఆపలేదు, చివరిదాకా వింది.

"నీటికుక్కకి ఎంత రాసేవు?"

"నాలుగు పేరాలు."

"మాకు?"

"ఒకటి."

నవ్వింది. నిజంగానే నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నాకు ఏడుపు ఆగలేదు. కంచె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను, బిళ్ళలు మింగిన వారాలన్నీ కలిపి ఏడ్చినట్టు. నేను చేసిన పనికి నా మీద నాకే అసహ్యం వేసింది. రేపే దిద్దేస్తానప్పా, వీళ్ళు మనుషులని రాస్తానని అన్నాను.

"రాసేవు కదే, మనుసులనే," అంది అప్ప.

స్తంభం మళ్ళీ మాట్లాడింది. "అలజడి నమోదైంది. దయచేసి వెనక్కి జరగండి."

నేను బెదిరి వెనక్కి జరిగాను. ఎందుకని అడిగింది అప్ప. చెప్పక తప్పలేదు. మాను చోట బయటివాళ్ళ అలజడి ఎక్కువైతే దర్జా మొక్కకి పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే మొలక. మొలక అయితే ఏం జరుగుతుందో తనకి తెలుసు.

"అలజడంటే నువ్వేనా?"

అవునన్నాను.

అప్ప ఇంటి వైపు చూసింది. రేకుల మీద ఎవరివో బట్టలు ఆరుతున్నాయి. పొరుగామె పొయ్యి మీంచి కుండ దించుతూ మా వైపు చూస్తోంది. అప్ప చాలాసేపు ఆలోచించింది. బేరం ఆడేటప్పుడు కూడా అంతసేపు తీసుకోదు.

"అయితే నువ్వు రాకే," అంది.

"అప్పా."

"ఇల్లుంది. సేపలున్నాయి. పక్కన మనుసులున్నారు. నువ్వొచ్చినప్పుడల్లా అవి కొంచెం కొంచెం పోతాయంటన్నావు. ఇక్కడ నేనొక్కదాన్నే ఉంటే రమ్మందును. ఈలందరూ ఉన్నారు. రాకు." కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే బాగుండేది. "ఒంట్లో బాగులేకపోతే ఎలగప్పా అని అడుగుతావు. ఏటో అవుద్ది. నీటికుక్కలకి ఎవులు సూత్తన్నారు."

నిజానికి నేనదే అడగబోతున్నాను.

వెనక్కి తిరిగి నడిచింది. పేరు పెట్టి పిలిచాను, పెద్దగా, చిన్నప్పుడు పిలిచినట్టు. స్తంభం ఇంకోసారి నమోదు చేసింది. అప్పకి వినపడింది. నడక ఒక్క క్షణం తడబడింది గానీ వెనక్కి చూడలేదు. ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది.

సోమవారం

బిళ్ళ వేసుకున్నాను. నిన్న ఏడ్చానని గుర్తుంది. ఎందుకు ఏడ్చానో కూడా గుర్తుంది.

ముందుగా తొండల వ్యాసం దిద్దాను, మొక్క ఇచ్చాను. తర్వాత నల్లరాతి గెడ్డ మొదటి వారం అలజడి నివేదిక నా డెస్కుకే వచ్చింది. వ్యాసం దిద్దినవాళ్ళే నివేదిక కూడా దిద్దాలని రూలు. స్తంభం రాసిన ముడి వివరాలు పంపారు, నేను పద్ధతిలో పెట్టాలి.

పెట్టాను. "ఆదివారం ఉదయం, తూర్పు కంచె వద్ద ఒకటి. ఆడ, మధ్య వయసు, ఒంటరి. ఆహారం తెచ్చి తిరిగి తీసుకుపోయింది. కంచె పట్టుకుని పెద్దగా శబ్దం చేసింది. ఆవాసంలోని జీవుల్లో ఒకటి మొదట దగ్గరకు వచ్చి, తర్వాత దానంతట అదే దూరంగా వెళ్ళిపోయింది." స్తంభం ఒక ఆధారం, కంచె కెమెరా రెండోది.

సలోమి చదివింది. నా మొహం చూసింది. సంతకం పెట్టి, "వచ్చే వారం గడి ఖాళీగా వదిలెయ్యనా, ఏమైనా ఉంటుందా?" అంది.

ఖాళీగా వదిలితే నివేదిక ముందుకి కదలదు. సున్నా వెయ్యమన్నాను.